ముదిగుబ్బకు కరెంటు కారు

మన శ్రీ సత్యసాయి జిల్లాలోనే, పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో, 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి. ఆ కంపెనీ 2025 జులైలో కారెన్స్ క్లావిస్ ఈవీ అనే కరెంటు కారును విడుదల చేసింది. ఇంటిల్లిపాదీ ఎక్కొచ్చు. పెద్ద బ్యాటరీ 51.4 యూనిట్లు, ఒక్క చార్జింగుకు 490 కిలోమీటర్లని కంపెనీ మాట. అది పరీక్షలో వచ్చిన లెక్క. మన ఎండల్లో ఏసీ వేసి, హైవే మీద వేగంగా పోతే అంత రాదు. నేనైతే మూడింట రెండొంతులే నమ్ముకుంటాను. బెంగళూరు పోవడానికి అది చాలు, తిరిగొచ్చేముందు అక్కడ కాస్త చార్జింగు పెట్టుకోవాలి.

అసలు చిక్కు ఇంట్లోనే. మామూలు 15 ఆంపియర్ల ప్లగ్గులో గంటకు సుమారు మూడు యూనిట్లే ఎక్కుతాయి. ఖాళీ బ్యాటరీ నిండాలంటే 17 గంటల పైమాటే. మధ్యలో కరెంటు పోతే ఇంకా ఆలస్యం. షోరూముకు పోకముందే మీ మీటరు ఎన్ని కిలోవాట్లకుందో, ఎర్తింగు సరిగా ఉందో చూపించుకోండి.

ఇప్పుడున్న కారే కొనాలా, ఇంకా రాని మోడల్ కోసం ఆగాలా? రోజూ కదిరికో ధర్మవరానికో తిరిగేవాళ్లు ఆగితే ఆ మేరకు పెట్రోలు ఖర్చు తప్పదు. ఎప్పుడో పండక్కి బండి తీసేవాళ్లకు తొందరేముంది? కొత్త మోడల్ మొదటి వేసవి దాటనిచ్చి, కొన్నవాళ్లను కనుక్కుని, అప్పుడే అడ్వాన్సు కట్టొచ్చు.