పాత డీజిల్ పికప్: నొప్పి ఒకచోట, రోగం మరొకచోట



ఈనాటి పాఠానికి నేను ఎంచుకున్నది అమెరికాలో బరువులు లాగే ఒక పాత పికప్ బండి ఇంజను. మనకెందుకు అంటారేమో! 1989 నుంచి డాడ్జ్ రామ్ పికప్‌లలో వచ్చిన ఈ 5.9 లీటర్ల కమ్మిన్స్ ఇంజను బి-శ్రేణికి చెందింది. 1993లో ఏర్పడిన టాటా కమ్మిన్స్ జంషెడ్‌పూర్‌లో తయారుచేసి టాటా లారీలకు అందించినవీ ఆ కుటుంబంలోని ఇంజన్లే.

ఒకే వరుసలో ఆరు సిలిండర్లు. గట్టి ఇంజనని పేరు. అయినా దాన్ని చిటికెన వేలంత కూడా లేని ఒక ఉక్కు పిన్ను ఆపగలదు.

ఇంజను ముందు భాగంలో టైమింగ్ గేర్ల పెట్టె ఉంటుంది. బిగించేటప్పుడు అది బ్లాకుకు సరిగ్గా కూర్చోవడానికి ఒక డవెల్ పిన్ పెడతారు. బోల్టులు బిగించాక ఆ పిన్నుకు పనేమీ ఉండదు. 1998 దాకా వచ్చిన పన్నెండు వాల్వుల ఇంజన్లలో, ఏళ్ళ తరబడి అదురుకు అది మెల్లగా బయటికి జరుగుతుంది. అదృష్టం ఉంటే కింద ఆయిల్ చాంబర్‌లో పడుతుంది. లేదంటే గేర్ల పళ్ళ మధ్య ఇరుక్కుని పెట్టెనే పగలగొడుతుంది. మెకానిక్‌లు దానికి 'కిల్లర్ పిన్' అని పేరు పెట్టారంటే ఆశ్చర్యం లేదు. మరమ్మతు మాత్రం సులువు. ముందు మూత విప్పి, పిన్నును మెల్లగా లోపలికి కొట్టి, పక్క బోల్టు కింద ఒక ఉక్కు పట్టీ అడ్డంగా బిగిస్తే చాలు. ఇక అది కదలదు.

ఇప్పుడు అసలు కథకు వద్దాం. 1998 మధ్య నుంచి 2002 వరకు వచ్చిన బళ్ళలో వి.పి.44 అనే ఇంజెక్షన్ పంపు ఉంది. దానికి ముందున్న పంపుకు ఇంజన్ ఆయిలే కందెన. వి.పి.44కు ఆ ఏర్పాటు లేదు. లోపలి భాగాలకు కందెనా, చల్లదనమూ రెండూ డీజిలే. అంటే డీజిల్ తగ్గితే పంపుకు ఆకలే కాదు, జ్వరం కూడా!

ఆ డీజిల్‌ను అందించే చిన్న విద్యుత్ ఫీడ్ పంపును ఇంజను బ్లాకుకు తగిలించారు. ట్యాంకు ఎక్కడో వెనుక ఉంది. మన పల్లెల్లో బావి గట్టు మీది మోటారును, బోరులోకి దించిన సబ్‌మెర్సిబుల్‌ను పోల్చి చూడండి. నీటిని దూరం నుంచి పీల్చడం కష్టం, నెట్టడం సులువు. ఇక్కడ ఫీడ్ పంపు పీల్చవలసి వచ్చింది. అది త్వరగా బలహీనపడేది. తర్వాతి బళ్ళలో దాన్ని ట్యాంకులోకే మార్చారు.

ఒక రైతు బండి ఎత్తు ఎక్కేటప్పుడు నీరసపడుతోందనుకోండి. కంప్యూటర్ పి 0216 అనే సంకేతం చూపింది. ఇంజెక్షన్ టైమింగ్ కుదరడం లేదని దాని అర్థం. మెకానిక్ ఖరీదైన కొత్త వి.పి.44 బిగించాడు. కొన్నాళ్ళకు అదీ పోయింది! ఎందుకు? నీరసించిన ఫీడ్ పంపును ఎవరూ చూడలేదు. ఇంజెక్షన్ పంపుకు ముందు ఒక ప్రెషర్ గేజి పెట్టి చూసి ఉంటే తెలిసేది. ఇంజను నడుస్తుండగా అక్కడ 10 పి.ఎస్.ఐ. కంటే తగ్గితే అనుమానించాలి. బండి నిలిపి ఉంచి చూస్తే చాలదు. లోడు లాగుతున్నప్పుడు చూడాలి, ముల్లు పడిపోయేది అప్పుడే. ఫిల్టరు మూసుకుపోయినా, పైపులోకి గాలి పీల్చినా ఇదే జరుగుతుంది కనుక, పంపు మార్చే ముందు వాటినీ చూడండి.

పంపు మార్చాక గాలి తీయడానికి నాజిల్ పైపుల నట్లు కొంచెం వదులు చేసి స్టార్టర్ తిప్పుతారు. అప్పుడు మీ చేయి అక్కడ పెట్టకండి. ఆ ఒత్తిడిలో డీజిల్ ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి సూది గుచ్చినంతే కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. 2003 నుంచి వచ్చిన కామన్ రైల్ ఇంజన్లలో ఒత్తిడి మరీ ఎక్కువ. వాటిలో ఇంజను నడుస్తుండగా ఆ నట్లను అసలు తాకకూడదు.