చలికాలంలో మారే కాపురాలు
(క్రిస్మస్‌కు ముందు జరిగిన యువజన కూడికలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు వస్తే మన ఇళ్ళకు రంగులు పడతాయి, గుమ్మాలకు నక్షత్రాలు వేలాడతాయి. దూరాన ఉద్యోగాలు చేసే పిల్లలు ఇంటికి చేరే నెల ఇది. ఇదే చలికాలంలో ఇల్లు వదిలి వెళ్ళేవాళ్ళ గురించి ఈరోజు మాట్లాడుకుందాం.

పశ్చిమ ఒడిశాలో బలంగీర్, నువాపడ, కలహండి జిల్లాలున్నాయి. అక్కడ భాద్రపదంలో కొత్త బియ్యం పండుగ నువాఖాయ్ జరుగుతుంది. పండుగ అయ్యాక సర్దార్లు ఊళ్ళలోకి వస్తారు. సర్దార్ అంటే ఇటుక బట్టీకి కూలీలను కుదిర్చే మధ్యవర్తి. అతనిచ్చే అడ్వాన్సుతో పాత అప్పో, పెళ్ళి ఖర్చో, ఆసుపత్రి ఖర్చో గట్టెక్కుతుంది. దీన్ని అక్కడ దాదన్ అంటారు. వానలు తగ్గాక ఇంటికి తాళం వేసి, కాంటాబాంజీ స్టేషన్‌లో రైలెక్కుతారు. ఆ దారి రాయగడ, పార్వతీపురం, విజయనగరం మీదుగా తెలుగు నేలకు వస్తుంది. కొందరు తమిళనాడు బట్టీలకూ వెళ్తారు. మళ్ళీ తమ ఇల్లు చూసేది మే, జూన్ నెలల్లోనే.

వాళ్ళ సామాను ఎంత? నాలుగు గిన్నెలు, రెండు దుప్పట్లు, ఒక బియ్యం మూట, చంకలో పిల్ల. కొత్త ఇల్లు వాళ్ళే కట్టుకోవాలి. ఇటుకలు పేర్చి, పైన రేకో, టార్పాలినో కప్పుతారు. నడుం వంచితే గాని లోపలికి పోలేం. తెల్లవారకముందే, చల్లటి బురదలో పని మొదలవుతుంది. భర్త, భార్య, ఒక పిల్లవాడు కలిస్తే ఒక ‘పథురియా’. అంటే బడికి పోవలసిన పిల్లవాడు కూడా ఆ లెక్కలో ఉన్నాడన్నమాట.

మహారాష్ట్రలో ఉన్న మనవాళ్ళకు ఈ మాట కొత్త కాదు. బీడ్ జిల్లా నుంచి చెరకు కోతకు వెళ్ళే భార్యాభర్తలను కలిపి ఒక ‘కోయతా’ అంటారు. కోయతా అంటే కొడవలి. మనుషుల పేరు పోయి పనిముట్టు పేరు మిగిలింది.

పోయిన క్రిస్మస్‌కు మేము కొందరం ఒక బట్టీకి దుప్పట్లు, కేకులు తీసుకెళ్ళాం. పాటలు పాడాం, ఫొటోలు దిగాం. రాయగడలో పుట్టి పెరిగినవాళ్ళు మాలో ఉన్నారు కాబట్టి ఒడియాలో మాట్లాడగలిగాం. అప్పుడు ఒక అక్క దగ్గరకొచ్చి మెల్లగా అడిగింది: “మేమెన్ని ఇటుకలు చేశామో షావుకారు పుస్తకంలో రాస్తాడు. అది మీ భాషలో ఉంది. మా అప్పు ఎంత తెగిందో చదివి చెప్తారా?”

మేము ఆ పుస్తకం అడగలేదు. షావుకారు మాకు టీ ఇచ్చాడు, కుర్చీలు వేయించాడు. సంఘానికి కానుకలిచ్చే మనిషి. మొహమాటపడ్డాం. దుప్పట్లు ఇచ్చి తిరిగొచ్చాం. ఆమె అడిగింది దుప్పటి కాదని దారిలో ఎవరూ పైకి అనలేదు గాని, అందరికీ తెలుసు.

ప్రియులారా, ఇటుకల లెక్క మన గ్రంథంలో కూడా ఉంది. నిర్గమకాండం 5వ అధ్యాయం తీసి చూడండి. గడ్డి ఇవ్వడం మాన్పించి, ఇటుకల లెక్క మాత్రం తగ్గకూడదన్నాడు ఫరో. అదే నిర్గమకాండంలో దేవుడిచ్చిన ధర్మశాస్త్రం ఏమంది? అప్పుకు కుదువ పెట్టిన పైవస్త్రాన్ని పొద్దు గుంకేలోగా తిరిగి ఇచ్చెయ్యాలంది. ఎందుకంటే అది లేకపోతే అతను రాత్రి దేనితో పడుకుంటాడు? అప్పు అప్పే గాని, మనిషి చలికి వణకకూడదు.

దేశ చట్టం కూడా మాట్లాడింది. 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం ప్రకారం కాంట్రాక్టరు తగిన నివాసం చూపాల్సి ఉండేది. కూలి రేటు, కోతలు రాసిన పాసుపుస్తకం కార్మికుడి భాషలో కూడా ఇవ్వాల్సి ఉండేది. 2020లో పార్లమెంటు ఆమోదించిన లేబర్ కోడ్‌లో ఆ చట్టాన్ని కలిపేశారు. 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం మాత్రం సూటిగా చెప్తుంది: వెట్టికి కట్టేసిన అప్పు అసలు అప్పే కాదు, అది రద్దు. విడుదలైనవారికి తక్షణ సాయంగా 30,000 రూపాయల వరకు ఇచ్చే పథకం ఉంది.

ఈ అప్పు ఎంత దూరం పోతుందో 2013 డిసెంబరులో చూశాం. అడ్వాన్సు గొడవలో కలహండి ప్రాంతపు కూలీలిద్దరి కుడిచేతులు కాంట్రాక్టరు మనుషులు నరికేశారు. పత్రికల్లో వార్త చూసి సుప్రీంకోర్టు తనంతట తానే విచారణకు తీసుకుంది.

మరి మనమేం చేయగలం? తరతరాలుగా సొంత రాష్ట్రం బయట ఉన్న మనకు రెండేసి భాషలు వచ్చు. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, తమిళం, కన్నడ, మరాఠీ. “మీ తెలుగు కల్తీ” అని బంధువులు నవ్వుతుంటారు. ఆ రెండో భాషే ఈ చలికాలంలో ఒక కుటుంబానికి ఆసరా కావచ్చు.

ఈసారి దుప్పట్లతో పాటు ఒక నోటుపుస్తకం తీసుకెళ్దాం. రోజూ చేసిన ఇటుకల లెక్క వాళ్ళ భాషలో వాళ్ళే రాసుకునేలా నేర్పుదాం. 6 నుంచి 14 ఏళ్ళ పిల్లల పేర్లు రాసుకుని దగ్గరి బడికి చేరుద్దాం, 2009 విద్యాహక్కు చట్టం వాళ్ళకూ వర్తిస్తుంది. సొంత ఊరి రేషన్ కార్డు మీద ఇక్కడ కూడా బియ్యం తీసుకోవచ్చని చెప్దాం. పిల్లలతో పని చేయిస్తుంటే 1098కి ఫోన్ చేద్దాం.

ఒక జాగ్రత్త. ఆవేశంతో ఒక్కరే వెళ్ళి గొడవ పెట్టుకోవద్దు. మనం తిరిగొచ్చాక ఆ కోపం భరించేది ఆ కుటుంబమే. పెద్దలతో కలిసి వెళ్ళండి, లేబర్ ఆఫీసులో ముందుగా చెప్పండి.

మన మందిరాల గోడల్లోనూ ఆ ఇటుకలే ఉన్నాయి. ఈ క్రిస్మస్‌కు మేము ఆ బట్టీకి మళ్ళీ వెళ్తున్నాం. ఆ అక్క ఈ ఏడు అక్కడికే వచ్చిందో లేదో. ఎవరున్నా సరే, ఈసారి ఆ పుస్తకం అడుగుతాం. మాతో ఎవరు వస్తారు?