ట్యాంకులో మునిగి ఉండే పంపు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)

ఇంజినీరువి కదా, పదిమందికి పనికొచ్చే సంగతి ఏదైనా చెప్పమని సంఘం వాళ్లు అడిగారు. గేటు బయట మన బండ్లు వరసగా నిలబడి ఉన్నాయి. వాటిలో పెట్రోల్‌తో నడిచేవాటి గురించే చెబుతాను.

మన వయసు వాళ్లకు కార్బొరేటర్ బాగా తెలుసు. గాలి ఇరుకైన గొంతులోంచి వేగంగా పోతుంటే అక్కడ ఒత్తిడి తగ్గుతుంది. ఆ లోటుకు పక్క గిన్నెలోని పెట్రోల్ పైకి లేచి గాలిలో కలుస్తుంది. అంతకుమించి కొలిచే ఏర్పాటు లేదు. చలికాలం పొద్దున చోక్ లాగితే గానీ బండి లేచేది కాదు. పటాన్‌చెరు, ఇస్నాపూర్ రోడ్డు పక్క షెడ్లలో మెకానిక్‌లు ఇంజిన్ చప్పుడు చెవితో విని, స్క్రూ పావు చుట్టు తిప్పి సరిచేసేవాళ్లు. అది చిన్న విద్యేం కాదు.

అది పోవడానికి కారణం పొగ. సైలెన్సర్ దారిలో ఉండే క్యాటలిటిక్ కన్వర్టర్ మూడు రకాల చెడ్డ వాయువులను ఒకేసారి విరగ్గొట్టాలంటే కిలో పెట్రోల్‌కు సుమారు 14.7 కిలోల గాలి పడాలి. ఆ తూకం ఎప్పటికప్పుడు నిలబెట్టడం కార్బొరేటర్ వల్ల కాదు. అందుకే 2000 తర్వాత కార్లలో ఇంజెక్షన్ మామూలైపోయింది. 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 వచ్చాక మోటారు సైకిళ్లకూ దాదాపు తప్పలేదు.

ఇందులో అసలు పనిమంతురాలు పంపు. అది ట్యాంకు లోపలే, పెట్రోల్‌లో మునిగి ఉంటుంది. ఎందుకక్కడ? పాతకాలం కార్లు మే నెల ఎండలో ఆగిపోతే, ఇంజిన్ పక్కనున్న పంపు మీద తడిగుడ్డ వేసేవాళ్లు, గుర్తుందా? దూరం నుంచి పీల్చేటప్పుడు పెట్రోల్ మీద ఒత్తిడి తగ్గి, ఆ వేడికి ఆవిరైపోయేది. ఆవిరిని పంపు లాగలేదు. ట్యాంకులోంచే నెడితే ఆ బాధ చాలావరకు తప్పుతుంది. కరెంటు మోటారు పెట్రోల్‌లో ఉంటే అంటుకోదా అని పిల్లలు అడగాలి. మంటకు గాలి కావాలి. మునిగిన మోటారు లోపల గాలి ఉండదు. పెట్రోల్ ఆ మోటారు లోపలి నుంచే పారుతుంది. దానికి చల్లదనమూ అదే, నూనే అదే.

తాళం తిప్పగానే వెనక నుంచి రెండు సెకన్లు సన్నగా 'జుయ్'మని వినిపించేది ఈ పంపే. చాలా కార్లలో ఇది 3, 4 బార్ల ఒత్తిడి ఇస్తుంది. మన కారు టైరులో ఉండేది 2 చిల్లర. ఆ ఒత్తిడితో పెట్రోల్ ఇంజెక్టర్ల దగ్గర కాచుకుని ఉంటుంది. ఇంజెక్టర్ అంటే కరెంటుతో తెరుచుకునే బుల్లి కవాటం. ఇంజిన్ నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంటే ఒక్కో సిలిండర్‌కు సెకనుకు 25 సార్లు చిమ్మాలి. ప్రతిసారీ ఎన్ని మిల్లీసెకన్లు తెరవాలో కంప్యూటర్ లెక్కిస్తుంది. పొగలో మిగిలిన ఆక్సిజన్‌ను సెన్సర్ చూసి చెబితే, ఆ లెక్క దిద్దుకుంటుంది.

మన పారిశ్రామికవాడలో షిఫ్టుకు పోయేవాళ్లు రోజుకు వంద రూపాయల పెట్రోల్ పోయించుకుంటారు. బండి ఎప్పుడూ రిజర్వులోనే. వాళ్లను తప్పు పట్టను, జేబు అంతే ఉంటుంది. కానీ పెట్రోల్ అడుగంటినప్పుడు మలుపులో, ఎత్తులో అది పక్కకు జారి పంపు గాలి పీలుస్తుంది. ఒకసారికి ఏమీ కాదు. రోజూ అదే అయితే చల్లదనం లేక అరిగిపోతుంది. కొత్త పంపు అంటే వేలతో పని. జీతం వచ్చిన రోజు ఒక్కసారి ఎక్కువ పోయించుకుని, కాలు ట్యాంకు మిగిలినప్పుడే మళ్లీ పోయించుకుంటే నెల ఖర్చు పెరగదు, పంపు బతుకుతుంది. ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలుస్తోంది. అది నీటిని పట్టుకుంటుంది. నీరు ఎక్కువైతే రెండూ కలిసి పెట్రోల్ నుంచి విడిపోయి అడుగుకు చేరతాయి. పంపు పీల్చేదీ అడుగునే. వానాకాలంలో ట్యాంకు మూత రబ్బరు చూసుకోండి.

షెడ్లు నడుపుతున్న మనవాళ్లకు, ఐటీఐ పిల్లలకు ఒక మాట. కార్బొరేటర్ అలవాటుతో ఫిల్టర్ పైపు ఊడదీయకండి. ఇంజిన్ ఆపినా పైపులో ఒత్తిడి నిలిచే ఉంటుంది. వదులు చేయగానే పెట్రోల్ తుంపరగా లేచి వేడి సైలెన్సర్ మీద పడితే మనిషే కాలిపోతాడు. ముందు పంపు ఫ్యూజు తీసి, ఇంజిన్ నడిపి, దానంతటదే ఆగాక మరోసారి సెల్ఫ్ కొట్టి చూడాలి. బ్యాటరీ తీగ తీయాలి. ఇంజిన్ పూర్తిగా చల్లారాక, పైపుకు గుడ్డ చుట్టి మెల్లగా వదులు చేయాలి. దగ్గర్లో బీడీ ఉండకూడదని వేరే చెప్పాలా!

ఈ వరసను పెద్ద అక్షరాలతో ఒక కాగితం మీద అచ్చు వేయించి తెచ్చాను. భోజనాల దగ్గర బల్ల మీద పెట్టాను. షెడ్డు ఉన్నవాళ్లు, తెలిసిన షెడ్డు ఉన్నవాళ్లు తలా ఒకటి తీసుకెళ్లి గోడకు అతికించండి.