నిత్య సహాయమాత ఎవరి వైపు చూస్తోంది?

(కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కథోలిక కుటుంబాల్లో నిత్య సహాయమాత పటం తరచుగా కనిపిస్తుంది. చాలా చర్చిల్లో బుధవారం నవదిన ప్రార్థనలు ఈమె పేరు మీదే జరుగుతాయి. ఇంట్లో దెబ్బలు తినే స్త్రీ మన దగ్గరికి రాకముందే ఈ పటం ముందు మోకరిల్లి ఉంటుంది. అందుకే ఈ పటంలో ఏముందో మనకూ తెలియాలి.

మూలచిత్రం రోమ్‌లోని సెయింట్ ఆల్ఫోన్సస్ చర్చిలో ఉంది. చెక్క మీద వేసిన బొమ్మ, రెండడుగుల ఎత్తయినా ఉండదు. క్రీట్ ద్వీపపు చిత్రకళా సంప్రదాయానికి చెందింది. 1866లో రిడెంప్టరిస్టు సభ గురువుల చేతికి వచ్చాక దీని నకళ్ళు ప్రపంచమంతా వ్యాపించాయి.

బంగారు నేపథ్యం పరలోకానికి గుర్తు. తల్లి నుదుట నక్షత్రం ఉంది. రెండు పక్కలా దేవదూతలున్నారు. మిఖాయేలు ఈటె, స్పాంజి తెచ్చాడు. గబ్రియేలు సిలువ, మేకులు తెచ్చాడు. అవి రోమన్ రాజ్యం మరణశిక్షకు వాడిన పనిముట్లు. బిడ్డ మెడ తిప్పి ఆ సిలువవైపే చూస్తున్నాడు. రెండు చేతులతో తల్లి చేతిని పట్టుకున్నాడు. ఒక కాలి చెప్పు ఊడి వేలాడుతోంది. భయపడి తల్లి ఒడిలోకి పరుగెత్తుకొచ్చాడని సంప్రదాయ వ్యాఖ్యానం.

ఆ తల్లి సహించింది కాబట్టి నువ్వూ సహించాలని స్త్రీలకు చెప్పేవాళ్ళున్నారు. మాతృత్వాన్ని త్యాగంగా మార్చి పూజించడం పితృస్వామ్యానికి అలవాటే. ఏ మతమూ ఇందుకు మినహాయింపు కాదు. కానీ ఈ చిత్రంలో భయాన్ని దాచలేదు. దేవుని కుమారుడని కొలిచే బిడ్డే భయపడి, ఆసరా కోసం పరుగెత్తాడు. అలాంటప్పుడు దెబ్బలకు భయపడి ఇల్లు దాటిన స్త్రీ ఎందుకు సిగ్గుపడాలి?

ఇంకో విషయం. తల్లి బిడ్డవైపు చూడటం లేదు, దేవదూతలవైపూ చూడటం లేదు. సూటిగా మనవైపు చూస్తోంది. అందరికీ నిత్యం సహాయం చేయాల్సిన ఆమెకు పటంలో ఆసరా ఎవరూ లేరు. ఆ చూపులో నాకు ఓదార్పు కన్నా ప్రశ్నే ఎక్కువ కనిపిస్తుంది.

పటం తీసెయ్యమని ఏ స్త్రీకీ మనం చెప్పక్కర్లేదు. ఊడిన ఆ చెప్పు చూపిద్దాం. 2005 గృహహింస చట్టం ప్రకారం తను కాపురం చేస్తున్న ఇంట్లో ఉండే హక్కు, రక్షణ ఉత్తర్వు కోరే హక్కు ఆమెకు ఉన్నాయని చెబుదాం. పరుగెత్తి వచ్చినామెకు పట్టుకోవడానికి ఒక చెయ్యి దొరకాలి. ఆ చెయ్యి మన సంఘానిదే కావాలి.