రాజకీయ రహస్యములు – మహనీయుల కీర్తి

(సాంస్కృతిక సంఘ సమావేశమున చదివిన ప్రసంగ పాఠము)



"ఇంటి గుట్టు లంకకు చేటు" అని తెలుగువారు తరతరములుగా చెప్పుకొనుచున్నారు. రావణుని గుట్టు విభీషణుడు శత్రువునకు తెలిపినందున లంక చెడినదని ఆ సామెత భావము. కాని నిదానించి విచారించినచో, లంకకు చేటు తెచ్చినది గుట్టు చెప్పిన విభీషణుడా, పరస్త్రీని చెరబట్టిన రావణుడా అను ప్రశ్న పుట్టక మానదు. సామెత మొదటివానిని నిందించుచున్నది. రామాయణము రెండవవానిని నిందించుచున్నది. రాజకీయ రహస్యముల విషయమున లోకము నేటికిని ఈ రెండు తీర్పుల నడుమ ఊగులాడుచునే యున్నది.

ప్రభుత్వ కార్యాలయములలో పనిచేయువారికి ఈ ప్రశ్న పరాయిది కాదు. రహస్యము, అతి రహస్యము అను ముద్రలు పడిన దస్త్రములు వారి చేతుల మీదుగా నడచుచుండును. వాటిలో కొన్ని దేశరక్షణకు సంబంధించినవి. కొన్ని ఎవరి గౌరవమునో కాపాడుటకు మాత్రమే ముద్ర తగిలించుకొన్నవి. ఏది యేదియో తెలిసికొనుట సులభము కాదు. స్వతంత్ర భారత చరిత్రలోని మూడు నాలుగు ఉదంతములను పరిశీలించినచో కొంత వెలుగు దొరకవచ్చును.

అందు మొదటిది మౌలానా అబుల్ కలాం ఆజాద్ ముప్పది పుటల కథ. ఆజాద్ 1940 మొదలు 1946 వరకు కాంగ్రెసు అధ్యక్షులు. స్వాతంత్ర్యానంతరము తుదిశ్వాస వరకు కేంద్ర విద్యామంత్రి. జీవితపు చివరి రెండేండ్లలో వారు సాయంకాలములందు హుమాయూన్ కబీర్‌ను కూర్చుండబెట్టుకొని తమ రాజకీయానుభవములను ఉర్దూలో చెప్పుచుండిరి. కబీర్ గుర్తులు వ్రాసికొని, ఆంగ్లమున రచించి, మరల చూపించుచుండిరి. ఆ విధముగా సిద్ధమైన గ్రంథమే ‘ఇండియా విన్స్ ఫ్రీడమ్’.

వ్రాతప్రతి అంతయు చదివిన పిదప ఆజాద్ ఒక నిర్ణయము చేసిరి. వ్యక్తులను గూర్చిన సంగతులును అభిప్రాయములును గల సుమారు ముప్పది పుటలు అప్పుడే లోకమునకు తగవని తలచిరి. వాటిని చించివేయలేదు, కాల్చివేయలేదు. పూర్ణప్రతిని ముద్రవేసి, ఒకటి కలకత్తా జాతీయ గ్రంథాలయమునను, మరియొకటి ఢిల్లీలోని జాతీయ అభిలేఖాగారమునను భద్రపరపించిరి. ఆ పుటలు తీసివేసినను గ్రంథముయొక్క నిర్ణయములు మారరాదని కబీర్‌కు ఆజ్ఞాపించిరి. 1958 ఫిబ్రవరి 22వ తేదీన ఆజాద్ పరమపదించిరి. 1959లో గ్రంథము వెలువడెను. ముద్రవేసిన ప్రతులు వారి మరణానంతరము ముప్పది యేండ్లకు విప్పవలెను.

ఆ ముప్పది యేండ్లలో ఆ ముప్పది పుటలు దేశమున ఎంత పనిచేసినవో చెప్పనలవి కాదు. ఎవరును చదువని పుటలను గూర్చి అందరును మాటలాడిరి. నెహ్రూను విరోధించువారు అందు నెహ్రూ దోషములున్నవనిరి. పటేలును విరోధించువారు పటేలు దోషములున్నవనిరి. మూసిన పెట్టె ఎవరికి కావలసినది వారికి చూపెను. న్యాయస్థాన వివాదముల వలన కొన్ని నెలలు జాప్యము జరిగి, 1988 చివరిభాగమున పూర్ణగ్రంథము వెలువడెను. నెహ్రూపై విమర్శ మునుపటికంటె కొంత కటువుగను, కృష్ణమీనన్‌పై విమర్శ మిక్కిలి కటువుగను ఉండెను. అంతియే. పెను రహస్యమునకై ఎదురు చూచినవారు నిరాశ చెందిరి.

ఏలయన, అసలు చెప్పవలసిన మాటను ఆజాద్ 1959 నాటి ప్రతిలోనే చెప్పియుండిరి. 1946లో తాము అధ్యక్షపదవి నుండి తొలగి, జవహర్‌లాల్ పేరు సూచించుట తమ రాజకీయ జీవితమున జరిగిన పెద్ద పొరపాటని అందరి యెదుట ఒప్పుకొనిరి. క్యాబినెట్ మిషన్ పథకము చెడుటకు 1946 జూలైలో బొంబాయి పత్రికాగోష్ఠిలో నెహ్రూ పలికిన మాటలు ఎట్లు తోడ్పడెనో వివరించిరి. ఇంత చెప్పియు గ్రంథమును ఆ జవహర్‌లాల్‌కే, మిత్రుడును సహచరుడును అని పేర్కొని, అంకితము చేసిరి. విమర్శ మైత్రిని చెరుపలేదు. మైత్రి విమర్శను మ్రింగలేదు. ముద్రవేసిన పుటలకంటె ఈ అంకితపు పుటయే ఆజాద్ శీలమునకు పెద్ద సాక్ష్యము.

అయినను ఇందొక చిక్కు లేకపోలేదు. పెట్టె తెరచునాటికి నెహ్రూ లేరు. ఆయన 1964లో గతించిరి. కృష్ణమీనన్ 1974లో గతించిరి. వ్రాసిన కబీర్ సైతము 1969లోనే కన్నుమూసిరి. నిందితుడు లేడు, సాక్షి లేడు, ఫిర్యాది లేడు. తీర్పు చెప్పువారు మాత్రము మిగిలిరి. ఉర్దూలో పలికిన మాటకును ఆంగ్లమున పడిన అక్షరమునకును నడుమ తేడా ఎంత అని అడిగినచో బదులు చెప్పువారు లేరు. రాజమోహన్ గాంధీ 1989లో ఈ గ్రంథములోని పొరపాట్లను ఎత్తిచూపుచు వేరొక గ్రంథమే వ్రాసిరి. కాలము గడచినంత మాత్రమున మాట సత్యమైపోదు. ఆలస్యముగా వచ్చిన సాక్ష్యమునకును అడ్డుప్రశ్నలు తప్పవు.

రెండవ ఉదంతము ఒక కార్యదర్శిది. 1947 జూలై 8వ తేదీన సర్ సిరిల్ రాడ్‌క్లిఫ్ భారతదేశమునకు వచ్చి, అయిదు వారములలో పంజాబును, బంగాళమును విభజించు గీత గీసెను. ఆయనకు కార్యదర్శిగా నున్నవాడు క్రిస్టఫర్ బోమాంట్ అను ఐ.సి.ఎస్. ఉద్యోగి. సరిహద్దు నిర్ణయము ఆగస్టు 12 నాటికి సిద్ధమైనను, స్వాతంత్ర్యోత్సవములు ముగిసిన పిదప 17వ తేదీన గాని ప్రకటింపబడలేదు. తమ ఊరు ఏ దేశములో నున్నదో తెలియకయే లక్షలాది జనులు స్వాతంత్ర్యదినమును గడపిరి.

ఆగస్టు 8వ తేదీన వైస్రాయి కార్యాలయము నుండి పంజాబు గవర్నరుకు వెళ్లిన పటములో ఫిరోజ్‌పూర్, జీరా తాలూకాలు పాకిస్తానుకు చేరియుండెను. తుది నిర్ణయములో అవి భారతమునకు వచ్చెను. నడుమ ఏమి జరిగెను? మౌంట్‌బాటెన్ ఈ నిర్ణయములో తమ ప్రమేయము లేదని చివరివరకు చెప్పుచు వచ్చిరి. రాడ్‌క్లిఫ్ తన కాగితములను దగ్ధము చేసెనని ప్రసిద్ధి. ఆయన 1977లోను, మౌంట్‌బాటెన్ 1979లోను గతించిరి. బోమాంట్ నలుబది రెండేండ్లు నోరు మెదపక, 1989లో ఒక వాంగ్మూలము వ్రాసి యుంచెను. అది 1992లో బయటికి వచ్చెను. మౌంట్‌బాటెన్ ఒత్తిడి వలననే రాడ్‌క్లిఫ్ గీతను మార్చెనని దాని సారాంశము. ఒక మధ్యాహ్న భోజనమునకు రాడ్‌క్లిఫ్‌ను పిలిచి, అంతవరకు ఎల్లప్పుడును వెంటనున్న కార్యదర్శిని మాత్రము పిలువలేదనియు, ఆ భోజనానంతరమే గీత మారినదనియు బోమాంట్ వ్రాసెను.

ఆఫీసు వ్యవహారములు తెలిసినవారికి ఈ చిన్న వివరము చెప్పు సంగతి చాల పెద్దది. పెద్దల భోజనమునకు కార్యదర్శిని పిలువకుండుట అనగా, ఆ గదిలో జరిగినది కాగితముపైకి ఎక్కరాదని కోరుటయే. బోమాంట్ ఆ గదిలో లేడు గనుక అతని సాక్ష్యము కన్నదాని సాక్ష్యము కాదు, ఊహించినదాని సాక్ష్యము. సట్లెజ్ నదిపై ఫిరోజ్‌పూర్ వద్ద గల కాలువల తలుపులు, వాటిపై ఆధారపడిన బికనీరు సంస్థానపు పొలములు ఈ మార్పునకు కారణములని చెప్పు చరిత్రకారులు కలరు. ఆ కారణము న్యాయమైనదే కావచ్చును. న్యాయమైనదే యైనచో దానిని కాగితముపై వ్రాసి, సంతకము చేసి, ఉభయ పక్షములకు చూపియుండవలసినది. వ్రాయకపోవుట వలన ఒక దేశమువారికి అనుమానమును, ఒక మహాపురుషుని కీర్తికి మచ్చయు మిగిలెను.

మూడవది నేతాజీ దస్త్రముల విషయము. ఇది అందరెరిగినదే గనుక క్లుప్తముగా చెప్పినచో చాలును. 1945 ఆగస్టు 18న తైపేలో జరిగిన విమాన ప్రమాదమును గూర్చి 1956లో షానవాజ్ సంఘము, 1970లో ఖోస్లా సంఘము, 1999లో ముఖర్జీ సంఘము ఏర్పడినవి. మొదటి రెండును మరణము నిజమనగా, మూడవది కాదనినది. ఆ మూడవ నివేదికను ప్రభుత్వము అంగీకరింపలేదు. దస్త్రములు మూతపడియున్నంత కాలము సాధువులును, సన్న్యాసులును నేతాజీలైరి. 2015 సెప్టెంబరులో పశ్చిమ వంగ ప్రభుత్వము 64 దస్త్రములను, 2016 జనవరి 23న కేంద్ర ప్రభుత్వము 100 దస్త్రములను ప్రజల ముందుంచెను. బయటపడిన వాటిలో ఎక్కువగా నొప్పించినది మరణ రహస్యము కాదు. స్వాతంత్ర్యానంతరము ఇరువది యేండ్లపాటు బోసు బంధువుల ఉత్తరములను గూఢచారులు విప్పి చదివిరనునది. ఎవరి కీర్తిని కాపాడుటకు దస్త్రములు దాచబడెనో తెలియదు గాని, దాచుట వలన ఎవరి కీర్తియు పెరుగలేదు.

ఇక తెలుగువారికి సన్నిహితమైన ఉదాహరణము ఒకటి కలదు. సర్వేపల్లి రాధాకృష్ణన్ ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు 1931 మొదలు 1936 వరకు ఉపాధ్యక్షులు. 1962 మొదలు 1967 వరకు రాష్ట్రపతి. వారి కుమారుడు సర్వేపల్లి గోపాల్ విదేశాంగ శాఖలో చరిత్ర విభాగమునకు అధిపతిగా పనిచేసిన చరిత్రకారుడు. నెహ్రూ జీవితమును మూడు సంపుటములలో వ్రాసినవాడు. ఆయన 1989లో తన తండ్రి జీవిత చరిత్రను ప్రకటించెను. అందు తండ్రి పాండిత్యమును, ప్రతిష్ఠను ఎంత శ్రద్ధతో వర్ణించెనో, గృహజీవితమునందలి దోషములను, దాని వలన తల్లి పడిన వేదనను అంత నిష్కపటముగ వ్రాసెను. కుమారుడు ఇట్లు వ్రాయవచ్చునా అని కొందరు నొచ్చుకొనిరి. కాని సెప్టెంబరు 5వ తేదీన ఉపాధ్యాయ దినోత్సవము నాటికిని నేటికిని జరుగుచునే యున్నది. తత్త్వవేత్తయొక్క గ్రంథములలో ఒక వాక్యమైనను విలువ కోల్పోలేదు. పైగా, ఆ యింటిలో మాట లేక మెలగిన యొక యిల్లాలికి చరిత్రలో ఒక మాట దక్కినది.

అట్లని పెద్దల ఇండ్లలోని ప్రతి సంగతిని వీథిలో పెట్టుట న్యాయమని కాదు. నెహ్రూ వద్ద 1959 వరకు పనిచేసిన ఎం.ఓ. మథాయ్ 1978లో తన జ్ఞాపకములను ప్రకటించినప్పుడు, అందు పరుల స్వంత విషయములు మిక్కుటముగా నుండెను. వారిలో పలువురు అప్పటికే గతించినవారు. గోపాల్ గ్రంథము చదివినవానికి రాధాకృష్ణన్ కొంత ఎక్కువగా అర్థమగుదురు. మథాయ్ గ్రంథము చదివినవానికి ముఖ్యముగా మథాయ్ అర్థమగును. రహస్యము చెప్పువాడు తన కీర్తిని సైతము తక్కెడలో పెట్టుచున్నాడను సంగతి మరువరాదు.

ఈ ఉదంతముల నుండి తేలునది యేమి? రహస్యములు రెండు విధములు. ప్రజల భూమిని, ప్రాణమును, హక్కును తాకిన పని ఎంత పెద్దవాడు చేసినను అది ప్రజల సొత్తు. కొంతకాలము దాచవచ్చును గాని ఎల్లకాలము దాచరాదు. ఫిరోజ్‌పూర్ గీత అట్టిది. ఒక మనుష్యుని గృహమునకు, హృదయమునకు మాత్రము సంబంధించినది అతనిదియు, అతని వలన బాధపడినవారిదియును. దానిని చెప్పుటకు హక్కుగలవారు బహు కొద్దిమంది. చట్టము సైతము క్రమక్రమముగా ఈ దారికే వచ్చినది. 1923 నాటి అధికార రహస్యముల చట్టము నోరు మూయుటను నేర్పెను. 1993 నాటి ప్రభుత్వ అభిలేఖముల చట్టము కాగితమును నాశనము చేయరాదని నేర్పెను. 2005 నాటి సమాచార హక్కు చట్టము, ఇరువది యేండ్లు గడచిన సంగతులను, కొన్ని మినహాయింపులతో, అడిగినవారికి చెప్పవలెనని నేర్పెను.

కీర్తి అనునది గాజుబొమ్మ కాదు, తాకినంతనే పగులుటకు. పగిలినచో అది కీర్తి కాదు, కీర్తివలె కనబడిన పూత. గాంధీ మహాత్ముడు తన దోషములను తానే వ్రాసికొనెను. ఆయన కీర్తికి ఆ వ్రాత వలన కలిగిన హాని లేదు. ఆజాద్ తన పొరపాటును తానే చెప్పికొనెను. సత్యము వెలువడుటచేత తగ్గిన మహనీయులు కొందరుండవచ్చును. అనుమానముచేత తగ్గినవారు అంతకంటె ఎక్కువ.

ఇందు సామాన్య ప్రభుత్వోద్యోగి పాత్ర చిన్నదే గాని అల్పమైనది కాదు. చేతికి వచ్చిన రహస్యమును అమ్ముకొనుట ద్రోహము. పై వారి మెప్పునకై కాగితము మాయము చేయుట అంతకంటె పెద్ద ద్రోహము. అతడు చేయదగినది ఒక్కటే: జరిగినది జరిగినట్లు నోటులో వ్రాయుట, నోటిమాటగా వచ్చిన ఆజ్ఞను తేదీతో సహా దస్త్రమున ఎక్కించుట, తనకు తోచిన భిన్నాభిప్రాయమును వినయముతో అయినను స్పష్టముగా నమోదు చేయుట. ఆ నోటును ఆ సంవత్సరము ఎవరును చదువకపోవచ్చును. ఏబది యేండ్ల పిదప అభిలేఖాగారములో దుమ్ము దులిపి ఎవరో ఒక విద్యార్థి చదువును. ఆనాడు ఒక మంత్రి కీర్తియో, ఒక గ్రామము హక్కో ఆ నాలుగు పంక్తులపై నిలువవచ్చును. వ్రాసినవాని పేరు ఎవరికిని తెలియకపోయినను, అతని అక్షరము సాక్ష్యము చెప్పును.