మొక్కలోని అంతర్వాసులు

పాలమూరు చెలకలలో పల్లి మొక్కను పెఱికి వేళ్లు కడిగి చూచినచో ఆవగింజలంత బుడిపెలు కనబడును. గోటితో చిదిమిన లోపల ఎఱ్ఱగా నుండును. అది తెగులు కాదు. వానిలో కాపురముండు సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని మొక్కకు ఎరువుగా మార్చి యిచ్చును. మొక్క వానికి చక్కెర నిచ్చును. జర్మనీ దేశీయుడు హెల్‌రీగెల్ 1888లో ఈ సంగతిని స్థాపించెను.

బుడిపె లేకుండ, కాండమునందును మొగ్గయందును కణముల సందులలో నివసించు సూక్ష్మజీవులును కలవు. గురువునొద్ద నివసించు శిష్యుని అంతేవాసి యందురు. వీనిని నేను అంతర్వాసు లనుచున్నాను.

మన రెండు జిల్లాలలో బోరునీటి వసతి గలచోట అరటి పెట్టు రైతులకు టిష్యూ కల్చర్ మొక్కలు తెలిసినవే. మేలైన పిలకయొక్క లోమొగ్గను కోసి, మందునీట కడిగి, చక్కెరయు లవణములును కలిపిన అగరు గడ్డపై సీసాలో నుంతురు. అది పలు పిలకలు పెట్టును; వానిని విడదీసి మరల సీసాలలో నిలుపుదురు. ఇట్లు ఒక్క పిలకనుండి వేలకొలది మొక్కలు వచ్చును. తోట యంతయు ఒకే పోలికగా నుండి, ఇంచుమించు ఒకే కాలమున గెల వేయును. ఇది గొప్ప మేలు.

“ఇందులో క్రిమి యన్నదే లేదు” అని కొందఱు అమ్మకందారులు చెప్పుదురు. ఆ మాట నమ్మరాదు. మడి స్నానము చేసినవాని మేను శుద్ధియగునుగాని కడుపులోనిది కడుపులోనే యుండును గదా! బెంగుళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థవారు, పైకి నిర్మలముగా దోచి మామూలు పరీక్షలలో నెగ్గిన అరటి మొగ్గలలో సైతము సూక్ష్మజీవు లున్నవని 2008లో ప్రకటించిరి.

అంతమాత్రమున భయపడ నక్కఱలేదు. వానిలో పెక్కులు హాని చేయక యూరకుండును. కొన్ని వేరు సాగుటకు తోడ్పడును. కొన్నిమాత్రము సీసాలో మొక్క నీరసించినప్పుడు విజృంభించి దానిని చెఱచును. ఆ నష్టము తొలుత ప్రయోగశాలవారిదే.

రైతు కొంప ముంచునది వైరసు. మొవ్వు కుఱచబడి ఆకులు గుత్తిగా నిలుచు అరటి తెగులును మీలో కొందఱు చూచియుందురు. తల్లి పిలకలో అది యున్నచో పిల్ల మొక్కలకును సంక్రమించును. అప్పు చేసి కొన్న తోట గెల వేయకయే పోవును. అందుచేతనే కేంద్ర ప్రభుత్వము 2006లో ఈ మొక్కలకు ధ్రువీకరణ పద్ధతి నేర్పఱచినది. వైరసు పరీక్షయు, జాతి నిర్ధారణయు అందులో భాగములు. మీ ఊరి పిల్లలు మొక్కలకు బయానా ఇచ్చుటకు ముందు ఆ పత్రమును చూపుమని అడుగవలెను.

సీసానుండి వెలువడిన లేతమొక్కను నేరుగా ఎండలో నాటరాదు. కొన్ని వారములు నీడలో కుదుటబడవలెను. విచిత్రమేమన, ఆ దశలోనే మేలుచేయు సూక్ష్మజీవులను వేళ్లకు పట్టించి మొక్కను బలపఱచు ప్రయత్నములు జరుగుచున్నవి. కడిగినవారే మరల పట్టించుచున్నారు!