పక్కన గురువు కూర్చునే ఏడాది



ఎవరి పేరిట ఇవాళ కూడామో ఆ గురువుగారి గొప్పతనం గురించి చెప్పడానికి నాకన్నా దగ్గరివాళ్లు ఈ వేదిక మీదే ఉన్నారు. నేను ఆయన నమ్మిన మనస్తత్వశాస్త్రంలో ఒక్క ముక్క చరిత్రకే పరిమితమవుతాను. ఇంకొకరి రంది వినడాన్ని మనిషికి ఎవరు నేర్పుతారు, ఎక్కడ నేర్పుతారు?

అమెరికాలో మిన్నెసోటా యూనివర్సిటీ విద్యార్థుల కోసం 1932లోనే ఒక మానసిక పరీక్షల విభాగం తెరిచింది. యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుల చదువుకు 1944 చట్టం డబ్బిచ్చేసరికి కాలేజీలు నిండిపోయాయి, వాళ్లతోపాటు వాళ్ల నిద్రలేని రాత్రులూ వచ్చాయి. 1949 ఆగస్టులో బౌల్డర్ అనే ఊళ్లో డెబ్బై మందికి పైగా మనస్తత్వ నిపుణులు రెండు వారాలు కూర్చున్నారు. పరిశోధన ఒక్కటే చాలదు, డాక్టరేట్ చేతికి రాకముందే ఏడాదిపాటు అనుభవజ్ఞుల కింద పని చేయాలన్నారు. మొదట ఆస్పత్రుల్లో సాగిన ఆ ఏడాది శిక్షణ తర్వాత్తర్వాత యూనివర్సిటీ కౌన్సెలింగ్ సెంటర్లకూ పాకింది.

ఆ ఏడాదిలో ఏం జరుగుతుందో కొంచెం నిదానంగా చెబుతాను, అసలు సంగతి అక్కడే ఉంది. శిక్షణలో ఉన్న వ్యక్తి విద్యార్థితో ఒంటరిగానే మాట్లాడతాడు. విద్యార్థి ఒప్పుకుంటే ఆ మాటలు రికార్డవుతాయి. వారం వారం సూపర్‌వైజర్ అది విని, ఒకచోట ఆపి, "ఇక్కడ పిల్ల ఏడవబోతుంటే నువ్వెందుకు మాట మార్చావు?" అని అడుగుతారు. జవాబు చెప్పడం కష్టం. ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన బయటపడితే మాత్రం వారం దాకా ఆగరు. అప్పుడే, ఆ పూటే సూపర్‌వైజర్‌కు చెప్పాలి. బాధ్యత చివరికి ఆయనదే. పుస్తకం చదివి ఈత నేర్చుకోలేం కదా, ఇదీ అంతే.

మన దేశంలో కలకత్తాలో 1916లో, మైసూరులో 1924లో మనస్తత్వశాస్త్ర శాఖలు మొదలయ్యాయి. చికిత్స చేసేవాళ్ల శిక్షణ మాత్రం 1955లో బెంగళూరు మానసిక ఆరోగ్య సంస్థలో, తర్వాత 1962లో రాంచీలో మొదలైంది. రెండూ పిచ్చాసుపత్రులని జనం పిలిచిన చోట్లే. రోగులూ డాక్టర్లూ అక్కడే ఉన్నారు గనుక అది సహజమే. 1992 నాటి పునరావాస మండలి చట్టం కింద ఈ వృత్తికి రిజిస్ట్రేషన్ వచ్చింది, రెండేళ్ల ఎంఫిల్ దారి అయింది. మన పిల్లలకు ఆ దారి సికింద్రాబాద్ స్వీకార్ లాంటి సంస్థల దగ్గర దొరికింది. నల్లగొండ నుంచి గానీ పాలమూరు నుంచి గానీ వెళ్లాలంటే పట్నం బస్సెక్కాల్సిందే.

ఆస్పత్రిలో నేర్చినవాడికి జబ్బు తెలుస్తుంది. నల్లగొండ దగ్గరి అన్నెపర్తి క్యాంపస్‌లోనో పాలమూరు దగ్గరి బండమీదిపల్లి క్యాంపస్‌లోనో కూర్చున్న పిల్లలకు ఉన్నది చాలాసార్లు జబ్బు కాదు. తల్లిదండ్రులు పుణెలో మట్టిపనిలో ఉంటే తాత దగ్గర పెరిగిన కొడంగల్ పిల్లగాడు ఇంగ్లీషు సెమినార్ ముందు రోజు తలనొప్పి అంటాడు. మర్రిగూడ వైపు ఆడపిల్లకు ఫ్లోరైడ్‌తో వంగిన తండ్రి నడుమూ, ఇంట్లో కుదురుస్తున్న సంబంధమూ, సెమిస్టరూ ఒకేసారి మీదపడతాయి. వీళ్లకు పేరుపెట్టే జబ్బు వెతకడం కన్నా వినడం తెలిసినవాళ్లు కావాలి.

నల్లగొండలో మహాత్మాగాంధీ యూనివర్సిటీ 2007లో, పాలమూరులో పాలమూరు యూనివర్సిటీ 2008లో వచ్చాయి. ప్రభుత్వ మెడికల్ కాలేజీలు పాలమూరులో 2016లో, నల్లగొండలో 2019లో వచ్చాయి. అదే 2019 ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాల తర్వాత తెలంగాణ ఇరవై మందికి పైగా పిల్లల్ని ఆత్మహత్యల్లో పోగొట్టుకుంది. 2025 జులైలో, విశాఖలో చదువుతూ చనిపోయిన ఒక విద్యార్థిని కేసులో సుప్రీంకోర్టు, వంద మంది గానీ అంతకన్నా ఎక్కువ గానీ విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో అర్హత ఉన్న కౌన్సెలర్‌ ఉండాలని చెప్పింది. మంచి తీర్పే. అయితే అంతమందిని ఎక్కడి నుంచి తెస్తాం? యూజీసీ ఎంఫిల్‌నే ఎత్తేసింది, క్లినికల్ సైకాలజీకి ఇచ్చిన వెసులుబాటు కూడా 2025-26 ప్రవేశాల వరకే.

ఒక లెక్చరర్‌కు అదనపు బాధ్యత అప్పగించి బోర్డు తగిలించడం మన అలవాటు. మార్కులేసే చేతికే మనసు విప్పి చూపమంటే ఏ పిల్లా చూపదు. నా ప్రతిపాదన చిన్నది. క్యాంపస్‌లో సగం, మెడికల్ కాలేజీ మానసిక వైద్య విభాగంలో సగం గడిచే ఏడాది శిక్షణ ఈ రెండు ఊళ్లలో మొదలుపెట్టండి. దానికి తలుపు మూసుకునే రెండు గదులు, ఆఫీసు వేళలు దాటితే 14416 టెలిమానస్‌కు కలిపే ఏర్పాటు, అన్నిటికన్నా ముందు సూపర్‌వైజర్‌గా ఒక పూర్తికాలపు పోస్టు కావాలి. పోస్టు ఫైలు మీద సంతకం చేయగలవాళ్లు మొదటి వరసలోనే కూర్చున్నారు.